ఆకు రాలినందుకు సంజాయిషీ

నల్లవాగు బీటులో పదకొండు వందల నలభై హెక్టార్ల అడవి కనబడడం లేదని ఏప్రిల్ నాలుగో తారీకున మంజీరకు ఉత్తరం వచ్చింది. ఆ అడవి ఏమైనదో ఏడు రోజుల్లోగా సంజాయిషీ ఇవ్వాలని, లేనిపక్షంలో శాఖాపరమైన చర్య తప్పదని అందులో ఉంది. ఉత్తరం చేతికందే సమయానికి మంజీర ఆ కనబడని అడవి నడిమధ్యలో ఒక టేకుచెట్టుకు వీపు ఆనించి, అన్నం డబ్బా మూత తీస్తోంది.

మూత లోపల ఎప్పటిలాగే ఒక చీటీ అతికించి ఉంది. "ఉప్పు ఎక్కువైంది. ప్రేమ అనుకుని తినెయ్." పెళ్ళయి నలభై ఆరు రోజులు. ఈ నలభై ఆరు రోజుల్లో భర్త విద్యాసాగర్ ఒక్కనాడూ చీటీ పెట్టడం మరవలేదు, ఒక్కనాడూ ఉప్పు సరిగ్గా వెయ్యలేదు. అతను పక్క ఊరి ఆశ్రమ పాఠశాలలో సైన్సు పంతులు. ఆమె అటవీ శాఖలో బీటు ఆఫీసరు. భార్యాభర్తలకు అయిదు కిలోమీటర్ల ఎడంలో పోస్టింగులు దొరకడమంటే ఆ జిల్లాలో జాతకాలు కలవడం కంటే అరుదైన సంగతి. అందుకని మంజీరకు ఆ రోజుల్లో ఏది చూసినా ముచ్చటగానే ఉండేది. ఉప్పెక్కువైన చింతచిగురు పప్పు కూడా.

ముందు చీటీ చదివి నవ్వుకుంది. తర్వాత ఉత్తరం చదివి తల ఎత్తి చుట్టూ చూసింది. టేకు ఉంది. నల్లమద్ది ఉంది. సండ్ర ఉంది. కొమ్మకొమ్మకూ మధ్య నీలంగా ఆకాశం ఉంది. అన్నీ ఎక్కడివక్కడే ఉన్నాయి, ఆకులు తప్ప. ఆకులు నేల మీద ఉన్నాయి. అడుగు వేస్తే అప్పడాలు విరిగినట్టు చప్పుడవుతోంది.

నిజానికి ఆ అడవిలోంచి పోయినవి లేకపోలేదు. వాగు ఒడ్డున పదిహేడు పెద్ద టేకు మాన్లను ఎవరో రంపంతో కోసి తరలించుకుపోయారు. ఆ సంగతి ఆమె జనవరి నుంచి మూడుసార్లు పైకి రాసింది. ఒక్కదానికీ జవాబు రాలేదు. ఆకులు పోయిన సంగతి మాత్రం అర్జంటు అని ఎర్ర సిరాతో రాసుకుని వచ్చింది.

ఉత్తరం రాసింది రాజధానిలోని అడవి కార్బన్ పర్యవేక్షణ విభాగం. శాఖలో అందరూ దాన్ని సెల్లు అంటారు. సెల్లు పుట్టుకకు పెద్ద కథే ఉంది. ప్రపంచం వేడెక్కిపోతోందని దేశాలన్నీ ఒకచోట కూర్చున్నప్పుడు మన దేశం లేచి, ఫలానా ఏడాదికల్లా ఇన్ని కోట్ల టన్నుల కార్బన్‌ను మా చెట్లలో దాచిపెడతామని మాట ఇచ్చి వచ్చింది. ఇచ్చిన మాటను రాష్ట్రాలకు పంచారు. రాష్ట్రం జిల్లాలకు, జిల్లా రేంజీలకు, రేంజి బీట్లకు పంచింది. అలా పంచుకుంటూ రాగా మంజీర వాటాకు పన్నెండు వందల హెక్టార్లు వచ్చాయి. వాటిని ఏడాదికి రెండుసార్లు ఉపగ్రహం పైనుంచి ఫోటో తీస్తుంది. సెప్టెంబరు ఆఖరున ఒకటి, మార్చి ముప్పై ఒకటిన ఒకటి. మార్చి ముప్పై ఒకటే ఎందుకంటే, ప్రభుత్వంలో ఏ సంవత్సరమైనా ఆ రోజే అయిపోతుంది. ఆ తారీకుకు నెలన్నర ముందే టేకు అడవి ఆకులన్నీ దులుపుకుని ఎండలో నిలబడుతుందన్న ముక్క అక్కడెవరికీ తట్టలేదు. సెల్లు ఆవరణలో ఉన్నవి అశోకచెట్లు. అవి ఏడాది పొడుగునా పచ్చగా ఉంటాయి, వరుసలో ఉంటాయి, గోడ దాటి కొమ్మ చాపవు.

మార్చి ఫోటోలో పచ్చగా కనబడిన అరవై హెక్టార్లను మాత్రం సెల్లు మెచ్చుకుంది. అది జామాయిల్ తోట. వచ్చే ఏడు కాగితం మిల్లుకు కొట్టెయ్యాల్సింది.

*

రేంజ్ ఆఫీసరు పురుషోత్తం గారికి ఇరవై తొమ్మిదేళ్ళ సర్వీసు. మంజీర రాసుకొచ్చిన సంజాయిషీని ఆయన కళ్ళద్దాలు సర్దుకుని చదివారు. "అడవి ఉన్నది. ఆకు రాలినది. వానలకు మరల వచ్చును" అని మూడే మూడు వాక్యాలు.

"ఇది నిజమేనమ్మా," అన్నారాయన బాధగా. "అందుకే పంపడానికి లేదు. ఇది పంపితే వాళ్ళు అడిగిన ప్రశ్న తప్పన్నట్టు అవుతుంది. పై ఆఫీసు ప్రశ్న తప్పయ్యే వీలు లేదు. మన జవాబు తప్పవ్వచ్చు."

ఆయనే కాగితం లాక్కుని, సదరు అడవి తాత్కాలిక ఆకురహిత స్థితిలో ఉన్నట్లు ప్రాథమికంగా గమనించడమైనదని రాసి పంపారు. మూడో రోజుకు సెల్లు నుంచి మూడు ప్రశ్నలు వచ్చాయి. ఆకు రాల్చుటకు ముందస్తు అనుమతి పొందినారా? పొందనియెడల, ఆకురాల్పును అరికట్టుటకు బీటు అధికారి తీసుకున్న చర్యలేవి? రాలిన ఆకు ప్రస్తుతము ఎవరి అధీనములో ఉన్నది?

మొదటి రెంటికీ ఏదో ఒకటి రాయొచ్చు గానీ మూడోదానికి ఆయన కూడా తల పట్టుకున్నారు. ఎందుకంటే సెల్లులో చెట్టు మీది ఆకుది ఒక సెక్షను, నేల మీది ఆకుది వేరే సెక్షను. ఆకు కొమ్మ నుంచి తెగిన క్షణాన మొదటి సెక్షను దాన్ని కొట్టేస్తుంది. నేల మీది సెక్షను రాసుకోవాలి. నేల మీది సెక్షనులో పోస్టు రెండేళ్ళుగా ఖాళీ. కాబట్టి రెండేళ్ళుగా ఈ రాష్ట్రంలో రాలిన ఆకేదీ ప్రభుత్వం దృష్టిలో ఇంకా నేలకు చేరలేదు.

ఆ వారాంతానికి ఆకురాల్పు నియంత్రణ మార్గదర్శకాలు వచ్చాయి. అన్ని బీట్లలోనూ ఆకురాల్పును ఏప్రిల్ మొదటి వారానికి వాయిదా వేయించాలని అందులో ఉంది. ఈ ఏడు ఎలాగూ రాలిపోయాయి కదా అని ఎవరైనా అనుకుంటారని కాబోలు, చివరి పేరాలో ఈ ఉత్తర్వు ఫిబ్రవరి ఒకటో తేదీ నుంచే అమల్లో ఉన్నట్లు భావించవలెనని రాశారు.

ఆ సాయంత్రం విద్యాసాగర్ వరండాలో కూర్చుని మార్గదర్శకాలు చదివి పొట్ట పట్టుకుని నవ్వాడు. ఏడో తరగతి పుస్తకం తెచ్చి ఆకురాల్చే అడవుల పాఠం తీసి చూపించాడు. "ఇది కూడా ప్రభుత్వమే అచ్చేసిందోయ్. రెండూ ఒకదాన్నొకటి ఎరగవు, అంతే." మంజీర కొలతల టేపు తెచ్చి, చెట్లను కొలిచినట్టే ఛాతీ ఎత్తున అతన్ని చుట్టి కొలిచింది. తొంభై ఆరు సెంటీమీటర్లు వచ్చింది. టేకు సూత్రం ప్రకారం నలభై ఏళ్ళ మాను.

"ఇంత మాను ఇంట్లో పెట్టుకున్నానని తెలిస్తే సెల్లు వాళ్ళు మన వరండాను రిజర్వు ఫారెస్టు చేస్తారు పంతులూ," అంది.

టేపు విప్పకుండానే చాలాసేపు నవ్వుకున్నారు.

*

మరునాటి వీడియో సమావేశంలో సెల్లు నోడల్ అధికారి డాక్టర్ చక్రధర్ గారు తెర మీద ప్రత్యక్షమయ్యారు. ఆయన కార్బన్ మీద విదేశాల్లో చదువుకున్నారు. అడవి మీద ఎక్కడా చదువుకోలేదు. భూగోళం ఒక కూడలిలో నిలబడి ఉందని, దేశం ఇచ్చిన మాట నిలబెట్టే బరువు క్షేత్రస్థాయి సిబ్బంది భుజాల మీద ఉందని అరగంట చెప్పారు. "వాతావరణం కోసం ఎవరి వంతు త్యాగం వాళ్ళు చెయ్యాలి. చెట్టు ఇందుకు మినహాయింపు కాదు," అన్నారు. తర్వాత నల్లవాగు ఫోటో చూస్తూ, వాగు వెంబడి ఎర్రటి మంటలు కనబడుతున్నాయి, ఆర్పారా అని అడిగారు. అవి మోదుగుపూలని మంజీర చెప్పింది. ఇప్పుడున్నాయా అన్నారాయన. రాలిపోయాయి సార్ అంది. మంటలు అదుపులోకి వచ్చినవి అని రాసుకోమని పక్కవాళ్ళకు చెప్పారు.

మార్గదర్శకాల్లో అయిదో అంశం అవగాహన సదస్సు. ఆకురాల్పుకు బాధ్యులైన వారి సమక్షంలో జరపాలని ఉంది. ఆకు రాల్చేది చెట్లే కాబట్టి పురుషోత్తం గారు సదస్సును అడవిలోనే పెట్టించారు. రెండు టేకుచెట్ల మధ్య ఫ్లెక్సీ కట్టారు. బ్యాటరీ మైకు తెచ్చారు. ఆయన చెట్లను ఉద్దేశించి నలభై నిమిషాలు మాట్లాడారు. మొదట్లో కొంచెం సిగ్గుపడ్డారు గానీ, పదినిమిషాలకు గొంతు బాగా ఊపందుకుంది. సర్వీసులో ఇంత శ్రద్ధగా విన్న సభ ఇంకోటి లేదని తర్వాత మంజీరతో ఒప్పుకున్నారు కూడా. హాజరు మూడు వందల పన్నెండు అని రాసి ఫోటో పంపారు. సెల్లు అభినందించింది.

ఆ సభను చివరిదాకా విన్న మనిషి ఒకతే. ఇప్పచెట్టు కింద పూలేరుకుంటున్న పాయం ముత్తవ్వ. గుంపెనగూడెంలోని నలభై మూడు కోయ ఇళ్ళకూ ఆమె మాటంటే మాటే. అరవై దాటినా తునికాకు తెంపడంలో ఆమె చేతివేగం ఆ ఊళ్ళో ఇంకెవరికీ లేదు. సారు మైకు కట్టేశాక మంజీర దగ్గరికొచ్చి, ఏ చెట్టన్నా మర్లబడ్డదా, ఎదురు మాట్లాడిందా అని మెల్లగా అడిగింది. లేదంది మంజీర. "ఇన్నరు గద, ఇంక చెయ్యరులే," అంటూ పూలగంప నెత్తికెత్తుకుంది.

*

అసలు గొడవ తనిఖీతో వచ్చింది. ఏప్రిల్ ఇరవైన చక్రధర్ గారు స్వయంగా వస్తున్నారని కబురందింది. పెద్ద ఆఫీసరు వస్తే దారి పక్క రాళ్ళకు సున్నం, ఎర్రమన్ను పూయడం శాఖలో ఆనవాయితీ. రాళ్ళ పని అయ్యాక పురుషోత్తం గారు తల పైకెత్తారు. మోడుబారిన టేకు కొమ్మలు కనబడ్డాయి. వాగు పక్కన కానుగచెట్లు మాత్రమే నిగనిగలాడుతున్నాయి. ఇంకేముంది, కానుగ కొమ్మలు నరికించి, రోడ్డు వెంబడి నలభై టేకుచెట్లకు కట్టించారు. అడవిని పచ్చగా చూపించడం కోసం ఆ వారం అడవిలో పచ్చగా ఉన్న చెట్లన్నీ మోడులయ్యాయి.

కట్టే పనికి కూలికొచ్చిన ఆడవాళ్ళలో ముత్తవ్వ కూడా ఉంది. నిచ్చెన మీద నుంచి మంజీరను పిలిచి, "లగ్గమైపాయె గద బిడ్డా, మల్లెందుకు పందిరి?" అంది. ఆడవాళ్ళంతా ఘొల్లుమన్నారు. మంజీర టోపీ కళ్ళ మీదికి లాక్కుంది.

చక్రధర్ గారు జీపు దిగి ఆ నలభై చెట్లను చూసి ఎంతో సంతోషించారు. టేకు పైరు ఇంత పచ్చగా ఉందేమిటని ఒక కానుగ రెమ్మను పట్టుకుని ఫోటో కూడా దిగారు. ఆ తర్వాత నలభై ఒకటో చెట్టు దగ్గర ఆయన ముఖం మారింది. అక్కడ నిలబడి ఉన్న ముత్తవ్వను, ఈ ఊరివాళ్ళు ఏం చేసి బతుకుతారని అడిగారు.

"ఆకు తెంపుతం సారూ. ఇంకో పదొద్దులైతే సురువైతది."

చక్రధర్ గారు ఒక అడుగు ముందుకేశారు. "ఆకు తెంపుతారా?"

"కట్టకు యాభై ఆకులు. దినాం మనిషికి నూరు కట్టలు."

ఆయన ఫోను తీసి అక్కడే గుణించారు. నలభై మూడు ఇళ్ళు, ఇంటికి ముగ్గురు, ముప్పై రోజులు. రెండు కోట్ల ఆకుల దాకా తేలింది. దేశమంతా వెతుకుతున్న జవాబు ఆయనకు నల్లవాగు రోడ్డు పక్కన దొరికింది.

వాళ్ళు తెంపేది బీడీలు చుట్టే తునికాకు అని, మోకాలెత్తు పొదల్లో వచ్చే ఆకు అని మంజీర చెప్పబోయింది. తెంపేది మే నెలలో, ఆకు పోయింది మార్చిలో అని కూడా చెప్పింది. తెంపాలన్న ఉద్దేశం ముందునుంచీ ఉంది కదా అన్నారాయన.

ముత్తవ్వ ఆయన వంక తేరిపార చూసింది. "టేకాకుతోని ఎవరన్న బీడీ చుడతరా సారూ?"

"ఉపగ్రహం ఆకుల జాతి చూడదమ్మా," అన్నారు చక్రధర్ గారు ప్రశాంతంగా. "దానికి అందరూ సమానమే."

*

నివేదిక టైపు చేసి వచ్చింది. ఆకు నష్టమునకు గుంపెనగూడెం వాసుల ఆకు సేకరణయే కారణమని క్షేత్ర పరిశీలనలో రుజువైనదని, కాబట్టి ఈ సీజను నుంచే సేకరణ నిలిపివేయవలెనని రెండు పేరాలు. కింద బీటు ఆఫీసరు సంతకానికి ఖాళీ. సోమవారానికల్లా పంపాలి. సంతకం పెడితే మంజీర మీది నోటీసు రద్దవుతుంది. పెట్టకపోతే రాష్ట్రం సరిహద్దు రేంజికి బదిలీ. ఇక్కడికి రెండు వందల ముప్పై కిలోమీటర్లు. ఈ సంగతి పురుషోత్తం గారు ఆమె కళ్ళలోకి చూడకుండా చెప్పారు.

ఆ ముప్పై రోజుల తునికాకే గుంపెనగూడానికి వానాకాలం విత్తనం. బడి తెరిచేనాటికి పిల్లల బట్టలు. జ్వరమొస్తే మండలం దాకా ఆటో. అది మంజీరకు తెలుసు.

ఆదివారం పొద్దున ముత్తవ్వ ఇంటికొచ్చింది. ఎండబెట్టిన ఇప్పపూలు ఒక మూట కట్టుకొచ్చి గడప మీద పెట్టింది. కబురు ఊరంతా పాకింది. ఆమె ముఖంలో కోపం లేదు. అదే మంజీరకు భరించరానిదయింది.

"సంతకం పెట్టకుంటే నిన్ను దూరం పంపుతరట గద?"

"అంటున్నారు ముత్తవ్వా."

ముత్తవ్వ వరండాలో ఆరేసిన రెండు జతల బట్టలను చూసింది, పొయ్యి దగ్గర కారంపొడి కోసం వెతుక్కుంటున్న విద్యాసాగర్‌ను చూసింది. "కొత్త కాపురం. మాకోసం ఎడబాసి ఉండుడెందుకు? పెట్టెయ్యి బిడ్డా. మేం ఎట్లన్న ఎల్లదీస్తం. ఎన్ని సూడలే."

ఆమె వెళ్ళిపోయాక మంజీర కలం తీసి మూత పెట్టి, తీసి మూత పెట్టి, చివరికి గూట్లో పడేసింది. వారానికోసారి బస్సులో వస్తాను, నువ్వు పెట్టకు అన్నాడు విద్యాసాగర్. అతను చీటీలు రాసే మనిషే గానీ, ఆ రోజు ఒక్క హాస్యం కూడా ఆడలేదు. పరీక్ష పేపర్లు ముందేసుకుని దిద్దుతూ కూర్చున్నాడు. కాసేపటికి ఒక పేపరు పక్కన పెట్టి, వీడికి రెండుకి ఒకటే వెయ్యాలి అన్నాడు. ఎందుకంది. టేకు అడవి ఎండాకాలంలో ఆకులు రాల్చును అని రాసి వదిలేశాడు, వానాకాలంలో మళ్ళీ తొడుగును అని రాయలేదు, సగం జవాబుకు సగం మార్కే అన్నాడు.

మంజీర ఆ పేపరు లాక్కుని చూసింది. తర్వాత గూట్లోంచి కలం తీసింది.

మధ్యాహ్నం దాకా రాసింది. ఈసారి నిజం రాయలేదు. సెల్లు భాషలో రాసింది. నల్లవాగు బీటులో మార్చి ముప్పై ఒకటి నాటికి పదకొండు వందల నలభై హెక్టార్ల ఆకు నష్టం సంభవించిన మాట వాస్తవమని ఒప్పుకుంది. ఇందుకు గుంపెనగూడెం వాసులే బాధ్యులని పై అధికారులు గుర్తించియున్నందున, సదరు బాధ్యులతోనే ఆ మొత్తం విస్తీర్ణాన్ని సెప్టెంబరు ముప్పై నాటికి పునఃపచ్చీకరణ గావించుటకు ప్రతిపాదన సమర్పించడమైనదని రాసింది. మొక్కలు అవసరం లేదు. నిధులు అవసరం లేదు. వాసుల సాంప్రదాయ ఆకు సేకరణకు ఏ మాత్రం భంగం కలిగించినా పునఃపచ్చీకరణ ఫలితాలను పోల్చి చూపుటకు ఆధారం దెబ్బతినును, కావున యథాతథముగా కొనసాగించవలెను. మార్చి నాటికి ఆకురాల్పు సంపూర్ణముగా జరుగుట ఈ పథకమునకు పునాది.

పురుషోత్తం గారు అది నిలబడి చదివారు. చదివి కూర్చున్నారు. "ఈ భాష నీకెప్పుడొచ్చిందమ్మా?" అన్నారు. ఆ గొంతులో మెచ్చుకోలు కంటే జాలే ఎక్కువుంది.

చక్రధర్ గారు మూడు రోజులు మాట్లాడలేదు. నష్టం చూపించే బీటు ఆయనకు తలనొప్పి. ఆరు నెలల్లో పదకొండు వందల నలభై హెక్టార్ల కొత్త అడవి చూపించే బీటు అంటే విదేశీ సభలో ఒక కుర్చీ. నాలుగో రోజు అనుమతి వచ్చింది. తునికాకు కొనే కల్లం అనుకున్న రోజే మొదలైంది. మంజీర వెళ్ళి చూస్తే ముత్తవ్వ కట్టలు కడుతూ తల ఎత్తి, "ఏం రాసినవో గని ముట్టలే మమ్ముల," అంది. మంజీర ఏం రాసిందో చెప్పలేదు. చెప్పడానికి కొంచెం సిగ్గేసింది.

*

జూన్‌లో వానలొచ్చాయి. వారం తిరక్కుండా టేకు చెవులంత చిగుళ్ళు వేసింది, నెలకు చేటలంత ఆకులైంది. సెప్టెంబరు ఫోటోలో నల్లవాగు కళ్ళు చెదిరేలా పచ్చగా వచ్చింది. వాగు ఒడ్డున పదిహేడు మోడులున్న చోట తీగలు, గడ్డి కమ్ముకున్నాయి. ఉపగ్రహం దాన్ని కూడా కొత్త అడవి కిందే లెక్కవేసింది. మోడుల గురించి మంజీర నాలుగోసారి రాసింది. మోడులకు నిర్ణీత ఫారములో గడి లేదని జవాబు వచ్చింది. జవాబంటూ రావడం అదే మొదలు.

చక్రధర్ గారు సముద్రాలు దాటి వెళ్ళి, మొక్క నాటకుండా, బోరు వెయ్యకుండా, కేవలం ప్రజల భాగస్వామ్యంతో నూట ఎనభై రోజుల్లో అడవిని సృష్టించిన నల్లవాగు నమూనాను ప్రపంచానికి వివరించారు. నాలుగైదు దేశాలు నేర్చుకోవడానికి ముందుకొచ్చాయి. మంజీరకు అట్టఫ్రేములో ప్రశంసాపత్రం వచ్చింది. విద్యాసాగర్ దాన్ని వంటింట్లో ఉప్పుడబ్బా మీద వేలాడదీశాడు. వచ్చే ఏటి లక్ష్యం పన్నెండు వందల హెక్టార్లని సెల్లు ప్రకటించింది. ఆ లెక్క ప్రకారం జామాయిల్ తోటకు కూడా ఆకులు రాలాలి.

ఆ చలికాలం పోతూపోతూ రెండు పెద్ద వానలు పడ్డాయి. నేలలో తడి ఉండడంతో టేకు ఆకు రాల్చడానికి తొందరపడలేదు. మార్చి పన్నెండున మంజీరకు ఎర్ర సిరా ఉత్తరం వచ్చింది. ఈ నెలాఖరులోగా రాలవలసిన ఆకులు నల్లవాగు బీటులో అధికభాగం ఇంకను చెట్ల మీదనే ఉన్నట్లు తెలియవచ్చినది. ఆకు ఎందుకు రాలలేదో ఏడు రోజుల్లోగా సంజాయిషీ ఇవ్వవలెను. పథకము విఫలమైనచో బాధ్యులైన వాసుల ఆకు సేకరణపై పునరాలోచన చేయబడును.

కిందటేడు తను రాసిన వాక్యమే నడుచుకుంటూ తిరిగొచ్చింది. మంజీరకు నవ్వు రాలేదు. నేరుగా గుంపెనగూడెం వెళ్ళి ముత్తవ్వను కూర్చోబెట్టి, ఈసారి మొత్తం చెప్పింది. ముత్తవ్వ అంతా విని, మూలనున్న దోటి అందుకుంది.

"పోయినేడు కట్టిచ్చిరి. ఈ ఏడు తెంపాల్నా?"

"అక్కర్లేదు ముత్తవ్వా. నోటీసులిద్దాం."

శాఖలో ఒక పద్ధతి ఉంది. నోటీసు ఇస్తే ఎవరైనా పుచ్చుకోకపోయినా, సంతకం పెట్టకపోయినా, ఇద్దరు సాక్షుల ఎదుట ఇంటి తలుపుకు అంటించి రావాలి. అంటించాక అందినట్టే లెక్క. మంజీర జిగురు, నోటీసులు పట్టుకుని బయల్దేరింది. ఏడు రోజుల్లోగా ఆకులు రాల్చవలెనని ఒక్కొక్క చెట్టుకూ చదివి వినిపించింది. చెట్టు సంతకం చేయ నిరాకరించినందున కాండమునకు అంటించడమైనదని రాసింది. సాక్షులుగా ముత్తవ్వ వేలిముద్ర, విద్యాసాగర్ సంతకం. కిందటేడు సదస్సుకు హాజరైన మూడు వందల పన్నెండు చెట్లకూ అంటించారు. మంజీర రోజూ వీపు ఆనించుకుని అన్నం తినే టేకు కూడా వాటిలో ఉంది. తిరిగొస్తుంటే వాగు ఒడ్డున పదిహేడు మోడులు కనబడ్డాయి. మంజీర ఆగింది. చేతిలో ఇంకా కొన్ని మిగిలున్నాయి. వాటికీ ఒక్కోటి అంటించింది. జవాబులో ఆ పదిహేడింటిని వేరే పేరాలో రాసింది. ఈ పదిహేడు చెట్లు ఆకులనే గాక కొమ్మలను, కాండములను సైతము పూర్తిగా విసర్జించి యున్నవి. ఎవరు విసర్జింపజేసినారో విచారించగలరని కోరడమైనది. ఇంతకంటే స్పష్టంగా రాయడం ఆ భాషలో కుదరదు. ఈసారైనా ఎవరో ఒకరు కళ్ళు తెరుస్తారని ఆమె ఆశ.

వారంలో వడగాడ్పు మొదలైంది. రెండు రోజులకే ఆకులు జలజలా రాలిపోయాయి. తునికాకుకు ఢోకా లేదని ముత్తవ్వ ఇప్పపూలు పంపింది. ఏప్రిల్ మొదటి వారంలో సెల్లు నుంచి అభినందన వచ్చింది. నోటీసులు అందుకున్న చెట్లు చూపిన తక్షణ స్పందన హర్షణీయమని, ఇకపై అన్ని బీట్లలో ఇదే పద్ధతి అమలు చేయాలని ఉంది. చివర మంజీర రాసిన పేరాకు కూడా జవాబు ఉంది. వాగు ఒడ్డున గల పదిహేడు చెట్లు చూపిన నిబద్ధత ప్రత్యేకముగా గమనించడమైనది. మిగిలిన చెట్లు కూడా వాటిని ఆదర్శముగా తీసుకొనునట్లు బీటు అధికారి తగు చర్యలు తీసుకోవలెను.

ఆ ఉత్తరం అందే సమయానికి మంజీర ఎప్పుడూ కూర్చునే చోటే కూర్చుని, అన్నం డబ్బా మూత తీస్తోంది. మూతలో చీటీ ఉంది. వీపు ఆనించడానికి మాత్రం చెట్టు లేదు. ఆమె కూర్చున్నది దాని మోడు మీద. కోసిన చోట రంపపు పొట్టు ఇంకా తడిగా ఉంది, పక్కన నేల మీద జిగురంటిన నోటీసు పడి ఉంది. ఉత్తర్వు రాకముందే ఆ చెట్టు దాన్ని అమలు చేసేసింది.